బొబ్బిలి కోట

బొబ్బిలి కథ విననివారు మన యిండ్లలో నుండరు. తాండ్ర పాపారాయని పేరు చెప్పి బిడ్డలకు అన్నము తినిపించిన అవ్వలను మేమెరుగుదుము. అయితే ఆ వీరుని గూర్చి చెప్పినంతగా కోటలోని స్త్రీలను గూర్చి ఎవరును చెప్పరు. ఈ మాసము వారిని గూర్చియే నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ కోట శ్రీకాకుళపు సర్కారులోనిది. పదునేడవ శతాబ్దమున శ్రీకాకుళపు ఫౌజుదారు షేర్ మహమ్మదుఖాను వెంట వచ్చిన పెద్దరాయుడు ఈ సంస్థానమును నెలకొల్పెననియు, ఖానుగారి పేరులోని పులిని తలచి ఊరికి పెబ్బులి యని పేరిడగా అదియే బొబ్బిలి యయ్యెననియు చెప్పుదురు. రాతికోట కాదు, మట్టికోట. నాలుగు మూలల బురుజులు, చుట్టును దట్టమైన పొద.

1753లో సలాబతుజంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికిచ్చెను. పిమ్మట బుస్సీ సేనతో ఈ సీమకు రాగా, విజయనగర ప్రభువు పూసపాటి పెదవిజయరామరాజు ఆయనతో చేయి కలిపెను. బొబ్బిలిపై ఆయనకు గల పగకు కారణములలో ఒకటి యేమనిన, వాగుల నీరు! బొబ్బిలివారు నీటిని మళ్లించుకొనుచున్నారని ఫిర్యాదు. చేలగట్లమీది తగవులు చూచిన సోదరీమణులకు ఇది వింతగా తోచదు. కోట విడిచిపోయినచో అంతకన్న పెద్ద భూములిత్తునని బుస్సీ కబురంపెను. రాజా రంగారావు దానిని అవమానముగా నెంచెను.

1757 జనవరి 24వ తేదీన తెల్లవారుచుండగా ఫిరంగులు మ్రోగెను. తొలి దాడి వెనుకకు మరలినది, కొంతసేపు కాల్పులాగినవి. ఆ కొద్ది విరామముననే, కోట నిలువదని తెలిసికొని, ఆడువారు పరుల చేత చిక్కకుండ ఇండ్లకు నిప్పు పెట్టింపుడని రంగారావు తనవారికి చెప్పెను. మంటలనుండి తప్పించుకొనబోయినవారిని సైతము తనవారే పొడిచిరని ఆంగ్ల చరిత్రకారుడు ఓరము వ్రాసినాడు.

తప్పించుకొనబోయిరన్న మాటయొద్ద మేము చాలసేపు ఆగిపోయితిమి. రాణి మల్లమ్మదేవి పేరు కథలలో నిలిచినది. తక్కినవారి పేళ్లు వినరావు. వంటశాలలోని వారిని, దాసీలను, చంటిబిడ్డల తల్లులను ఎవరైన అడిగిరా? మానముకొఱకు ప్రాణములిచ్చిరని పొగడుట సులభము. ఇచ్చినవారును ఉందురు, తీయబడినవారును ఉందురు. ఈ రెంటిని ఒక్క మాటలో కలిపివేయుటకు మాకు మనసొప్పలేదు.

మధ్యాహ్నమునకు రంగారావు కూలెను. కొలది రాత్రులలోనే పాపారాయుడు గుడారమున జొరబడి విజయరామరాజును చంపి, తానును చచ్చెను. ఈ భాగము మీకు కంఠస్థమే.

కోటలోనుండి ఒక ముసలివాడు ఒక బాలుని ప్రాణములతో తెచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించెను. రంగారావు కుమారుడే ఆ బాలుడు. చిన్నరంగారావని పిలువబడిన అతడు విజయనగరమువారి చెరను గూడ చూచి, 1794లో తన సంస్థానమును మరల పొందెను. పాత కోట నేడు లేదు. ఆ చోట 1891లో నిలిపిన స్తంభమున్నది. విజయనగరమునుండి బస్సెక్కినచో అచ్చటికి రెండు గంటలైనను పట్టదు.