ఎడారి తేలు, ఇంటి విషం

 

గడచిన షాబాన్ మాసంలో ఒకనాటి సాయంత్రం, అస్ర్ నమాజు ముగిసిన పిదప, మా పూర్వ విద్యార్థి ఒకడు భార్యను, మూడేళ్ల పాపను వెంటబెట్టుకుని మదరసాకు వచ్చాడు. రాయచోటి ప్రాంతానికి చెందిన ఈ అబ్బాయి ఆరేళ్లుగా సౌదీ అరేబియాలోని అల్ ఖసీమ్ ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇన్నేళ్లకు కుటుంబాన్ని తీసుకువెళ్లే అవకాశం లభించింది. బురైదా పట్టణ శివారులో, ఖర్జూర తోటలు దాటి ఇసుక నేల మొదలయ్యే చోట, ఒక పాత ఇంటి కింది వాటాను అద్దెకు మాట్లాడుకున్నాడు. ప్రయాణానికి ముందు దుఆ చేయించుకుని వెళదామని వచ్చారు.

అతడు ఉత్సాహంగా ఇంటి సంగతులు చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి తల వంచుకుని పాప జుట్టు సవరిస్తూ కూర్చుంది. చివరకు మెల్లగా, "హజ్రత్! అక్కడ తేళ్లు ఎక్కువట కదా? ఇసుకలో కొమ్ముల పాము దాగి ఉంటుందట. అరచేయంత సాలీడు మనుషుల వెంట పరుగెత్తుతుందట. ఫోనులో చూశాను. పాప ఇంకా చెప్పులు వేసుకోవడం కూడా నేర్వలేదు" అన్నది. భర్త నవ్వాడు. "రెండు నెలలుగా ఇదే గోల హజ్రత్" అన్నాడు.

మేము నవ్వలేదు. భయపడటం విశ్వాస లోపమని మన ఇళ్లలో కొందరు తొందరపడి తీర్పు చెబుతూ ఉంటారు. చేతికర్ర పాములా కదలాడినప్పుడు హజ్రత్ మూసా (అలై) వెనుదిరిగి పరుగెత్తిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. అల్లాహ్ ఆయనను పిలిచి ధైర్యం చెప్పాడు. తల్లి భయాన్ని ఎగతాళి చేస్తే అది పోదు, లోపలికి వెళ్లి దాక్కుంటుంది. దానికి వాస్తవం తెలియజెప్పాలి, చేయదగిన పని చూపించాలి.

అందుకే ముందుగా ఆ అమ్మాయికి తెలిసినంతలో వాస్తవం చెప్పాము. అరేబియా ఎడారిలో ప్రమాదకరమైన తేళ్లు ఉన్నమాట నిజమే. పసుపు వర్ణపు తేలు ఒకటి, లావు తోక గల నల్ల తేలు ఒకటి, ఈ రెండింటి విషం తీవ్రమైనది. కళ్లపైన చిన్న కొమ్ముల వంటి పొలుసులు గల రక్తపింజరి జాతి పాము కూడా ఉంది. అది ఇసుకలో దేహాన్ని కప్పుకుని కళ్లు మాత్రం బయట పెట్టి వేట కోసం కాచుకుని ఉంటుంది. అయితే ఇవేవీ మనిషిని వెతుక్కుంటూ రావు. పగటి ఎండకు రాళ్ల కింద, పగుళ్లలో, కట్టెల మధ్య తలదాచుకుని రాత్రి వేళ పురుగుల కోసమో చిన్న జంతువుల కోసమో తిరుగుతాయి. మనం చూడక చేయి పెట్టినప్పుడు, కాలు మోపినప్పుడు మాత్రమే కాటు పడుతుంది.

ఫోనులో చూసి హడలిపోయిన ఆ పెద్ద సాలీడుకు విషమే లేదు. కొరికితే నొప్పి కలగవచ్చు, అంతే. అది మనిషిని తరమదు. ఎండ పడక మన నీడ కోసం పరుగెత్తి వస్తుంది. ఎడారిలో ముళ్ల తోకతో కనిపించే 'దబ్' అనే ఉడుము వంటి జీవి ఆకులలములు తిని బ్రతుకుతుంది. మహాప్రవక్త (స) దానిని తాను తినలేదు, కానీ తన సమక్షంలో ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తింటుంటే వారించలేదు. చీమను, తేనెటీగను చంపవద్దని చెప్పిన ధర్మమే ఇహ్రామ్ స్థితిలో సైతం తేలును చంపడానికి అనుమతించింది. హాని చేసే ప్రాణికీ, చేయని ప్రాణికీ నడుమ భేదం తెలుసుకోవాలన్నది ఇందులోని పాఠం. అన్నింటికీ ఒకే విధంగా భయపడేవారు నిజంగా భయపడవలసిన దానిని గుర్తించలేరు.

అప్పుడు మేము ఆ అబ్బాయివైపు తిరిగి, "ఇరవై ఏళ్ల నాటి ఆ ఫజ్ర్ గుర్తుందా?" అని అడిగాము. అతని నవ్వు ఆగిపోయింది.

ఆ సంగతి పాఠకులకు కూడా చెప్పుకోవడం మా బాధ్యత. అప్పట్లో మా విద్యార్థులు నేలపై చాపలు పరచుకుని పడుకునేవారు. ఒక వేకువజామున పదకొండేళ్ల బాలుడు దుప్పటి మడుస్తుండగా ఎర్ర తేలు కుట్టింది. మేము పక్కన కూర్చుని సూరతుల్ ఫాతిహా పఠించి ఊదాము. పొరుగూరి నుండి ఒకరిని పిలిపిస్తే ఆయన ఆకు పసరు పూశారు. బాలుడికి ఒళ్లంతా చెమటలు పట్టాయి, వాంతులయ్యాయి, కాళ్లుచేతులు చల్లబడ్డాయి. ఆ పిల్లవాడి పాదాలు రుద్దుతూ కూర్చున్న సహాధ్యాయి ఈ అబ్బాయే. రెండు గంటలు గడిచాక గాని మేము ఆటో పిలిపించలేదు. అల్లాహ్ దయవల్ల వైద్యులు బాలుణ్ణి దక్కించారు. "ఇంకాస్త ముందు తీసుకురావలసింది" అని వారు అన్న మాట మాత్రం నేటికీ మా చెవులలో ఉంది.

ఫాతిహా పఠించడం తప్పు కాదు. విషపురుగు కుట్టిన వ్యక్తిపై సహచరులు ఫాతిహా పఠించగా స్వస్థత కలిగిందని ప్రామాణిక హదీసులలో ఉన్నది. అయితే దైవప్రవక్త (స) తనను తేలు కుట్టినప్పుడు పఠించడంతో పాటు ఉప్పునీటితో కుట్టిన చోటును కడిగినట్లు కూడా ఉల్లేఖనాలలో ఉన్నది. చికిత్స, దుఆ రెండూ ఆయన ఆచరణలో కలిసే ఉన్నాయి. మేము వాటిని విడదీశాము. ఆటోలో కూర్చుని దారి పొడవునా పఠించి ఉండవలసింది. ఆ రెండు గంటలకు రేపు మేము జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

ఆ తేలు ఎడారిది కాదని గమనించండి. మన రాయలసీమ రాళ్ల నేలదే. ఎర్ర తేలు కాటుకు రక్తపోటు మందు ప్రాజోసిన్ ప్రాణదాయకమని 1980ల నాటి నుండి మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేస్తూ లోకానికి చాటిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్‌కు 2022లో పద్మశ్రీ లభించింది. 2000 నుండి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారని పరిశోధకుల అంచనా. ఆ భారం అధికంగా ఉన్న రాష్ట్రాలలో మన తెలుగు ప్రాంతం కూడా ఉంది. "అమ్మా! నీవు విషపు నేల నుండే మరో విషపు నేలకు వెళుతున్నావు. ఇక్కడ అలవాటైనది కనుక భయం తెలియలేదు. అక్కడ కొత్త కనుక తెలుస్తున్నది. భయంతో పాటు జాగ్రత్తను కూడా తీసుకువెళ్లు" అన్నాము.

ఆ జాగ్రత్తలు చాలా వరకు మన ధర్మం మనకు ఏనాడో నేర్పినవే. పడుకునే ముందు పక్కను దులపమన్నారు దైవప్రవక్త (స). మనం లేనప్పుడు దానిపైకి ఏమి చేరిందో మనకు తెలియదు. రాత్రి తలుపులు మూయమని, పాత్రలపై మూతలు పెట్టమని చెప్పారు. కొత్త మజిలీలో దిగినవారు సృష్టిలోని కీడు నుండి అల్లాహ్ శరణు కోరే దుఆను నేర్పారు. ఇవి పాటించే ఇల్లు సగం సురక్షితం. మిగిలిన సగానికి కొన్ని చిన్న పనులు చాలు. గుమ్మం కింద సందు లేకుండా రబ్బరు పట్టీ బిగించాలి. స్నానాల గది తూముకు సన్నని జాలీ వేయాలి. మంచాన్ని గోడకు కాస్త దూరంగా జరిపి, దుప్పటి అంచులు నేలను తాకకుండా మడవాలి. బూట్లు, చెప్పులు దులిపి తొడుక్కోవాలి. పెరట్లో ఇటుకలు, కట్టెలు కుప్ప వేయరాదు. బొద్దింకలు తేలుకు ఆహారం కనుక వంటగది పరిశుభ్రంగా ఉంటే తేలుకు ఆ ఇంట పని ఉండదు. అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి వేసి చూస్తే చీకటిలో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది; ఇషా తరువాత ఒకసారి పెరడు చూసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. చలికాలంలో అక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని గడుపుతాయి. ఆ సమయంలో పిల్లలను చెప్పులు లేకుండా తిరగనివ్వరాదు, రాళ్లు ఎత్తనివ్వరాదు.

ఇంత చేసినా కాటు పడవచ్చు. అప్పుడు కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయరాదు. సబ్బు నీటితో కడిగి, ఉంగరాలు, గాజులు తీసి, కుట్టిన అవయవాన్ని కదపకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. సౌదీలో ఎర్ర నెలవంక వారి అంబులెన్స్ సంఖ్య 997. విషానికి విరుగుడు మందు ఆ దేశంలోనే తయారవుతున్నది. పెద్దలు చాలామంది నొప్పితోనే బయటపడతారు గాని పసిపిల్లలలో విషం త్వరగా ప్రబలుతుంది. కుట్టింది ఏ తేలో తేల్చుకునే దాకా ఇంటి వద్ద ఆగరాదు.

ఈ మాటలు విన్నాక ఆ అమ్మాయి ముఖం కొంత తేటపడింది. అప్పుడు ఆ అబ్బాయి, "పురుగుల సంగతి నేను ముందే చూసుకున్నాను హజ్రత్. ఆ పాత ఇంట్లో నల్లులు ఉన్నాయి. మా గదిలోని మిత్రుడు గోధుమ గోదాముల్లో పెట్టే బిళ్లలు రెండు డబ్బాలు ఇచ్చాడు. వీళ్లు దిగే ముందు రోజు రాత్రి గదుల్లో పెట్టి తలుపులు వేస్తే తెల్లారేసరికి ఒక్కటి మిగలదట" అన్నాడు.

మాకు ఒళ్లు జలదరించింది. ఆ బిళ్లల పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. మన ఊళ్లలో ధాన్యం నిల్వలకు వాడే బిళ్లలు ఇవే. వీటిని ఇళ్లలో వాడరాదు. అయినా దొంగచాటుగా అమ్మేవారు ఉన్నారు. గల్ఫ్ దేశాలలో నల్లుల కోసం, బొద్దింకల కోసం వీటిని వాడగా నిద్రలోని పసిపిల్లలు మరణించిన సంఘటనలు ఒకటికంటే ఎక్కువే జరిగాయి. అనేకసార్లు బిళ్లలు పెట్టింది ఒక ఇంట్లో, మరణం సంభవించింది పక్క ఇంట్లో. ఆ వాయువు గోడ పగుళ్ల గుండా, తూముల గుండా, ఏసీ సందుల గుండా పాకిపోతుంది. వాంతులు, తలనొప్పి మొదలైతే తిన్నది వికటించిందని తల్లిదండ్రులు పొరబడతారు. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు.

తేలుకు విరుగుడు ఉంది. మనం చేజేతులా తెచ్చి పెట్టుకునే ఈ విషానికి లేదు. ఎడారిని చూసి భయపడిన భార్యను పరిహసించిన భర్త, తన చేతి డబ్బాను చూసి భయపడలేదు. పొరుగువారు ఎవరి కీడు నుండి సురక్షితంగా ఉండరో వారి విశ్వాసం సంపూర్ణం కాదని మహాప్రవక్త (స) హెచ్చరించారు. గోడకు అవతల నిద్రిస్తున్న బిడ్డ ఏ దేశపు బిడ్డ అయినా, ఏ భాష మాట్లాడే బిడ్డ అయినా ఆ హెచ్చరిక మనకు వర్తిస్తుంది.

"మరి ఆ డబ్బాలు ఏం చేయాలి హజ్రత్?" అన్నాడు అతడు, గొంతు తగ్గించి. మూత తెరవవద్దని, నీటిలోగాని తూములోగాని పారవేయవద్దని, అక్కడి బలదియా అధికారులకు చెప్పి అప్పగించమని అన్నాము. నల్లులకు మార్గం లేకపోలేదు. దుప్పట్లు, బట్టలు 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకాలి. మంచం కీళ్లలో, పరుపు కుట్లలో ఆవిరి పట్టించాలి. వాడిన పరుపులు, సోఫాలు చౌకగా వస్తున్నాయని కొనరాదు. అప్పటికీ పోకపోతే ప్రభుత్వ అనుమతి గల సంస్థనే పిలిపించాలి. దీనికి రెండు వారాలు పట్టవచ్చు, నాలుగు డబ్బులు ఖర్చు కావచ్చు. ఆ మేరకు కుటుంబం ప్రయాణం ఆలస్యమైనా నష్టం లేదు.

ఆ అమ్మాయి పాపను ఒడిలోకి లాక్కుని భర్తవైపు చూసింది. ఏమీ అనలేదు. అతడు తల దించుకుని, "మూడు వారాల తరువాతే రండి" అన్నాడు.

షవ్వాల్ చివరలో ఆమె మా ఇంటికి ఫోను చేసి మా ఇల్లాలితో మాట్లాడింది. డబ్బాలు అధికారులకు చేరాయి. ఇల్లు శుభ్రమైంది. పెరటి గోడ వద్ద ఒక రాత్రి టార్చి వెలుగులో ఒక తేలు కనిపించిందట, భర్త చంపాడట. "భయం పూర్తిగా పోలేదు. కానీ రోజూ పక్క దులిపి, దుఆ చదివి పడుకుంటే నిద్ర పడుతున్నది. పాప కూడా తన చెప్పులు తానే దులిపి వేసుకుంటున్నది" అని చెప్పిందట.

సోదర సోదరీమణులారా! మీ ఇంటి నుండి గల్ఫ్‌కు వెళ్లినవారు ఉంటే, వెళ్లబోయేవారు ఉంటే, ఈ రాత్రే ఫోను చేసి ఒక్క మాట అడగండి: ఇంట్లో అటువంటి బిళ్లలు ఏవైనా ఉన్నాయా అని. పక్క గదివారు వాడుతున్నారా అని కూడా అడగండి. మన ధాన్యపు కొట్లలో ఉంటే వాటిని పడకగదికి, పిల్లలకు దూరం చేయండి.

అల్లాహ్ మన బిడ్డలను, మన పొరుగువారి బిడ్డలను కంటికి కనిపించే కీడు నుండి, కనిపించని కీడు నుండి కాపాడుగాక! ఆమీన్.