పని మోకాలిచిప్పది, పేరు మంత్రానిది

హనుమకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు పొమేరియన్లు, షిట్జులు, పగ్గులు కనిపిస్తున్నాయి. వాటితో పాటు వాటి కాళ్లకు నల్లదారాలూ కనిపిస్తున్నాయి. పసిపిల్లలకు కట్టే దిష్టిదారమే అది. కుక్క కుంటిందంటే ముందు ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పడేస్తారు. తగ్గకపోతే “నరం మీద నరం ఎక్కింది” అని, బెణుకు మంత్రం వేసే పెద్దాయన దగ్గరికి ఎత్తుకుపోతారు. ఆయన నాలుగుసార్లు నిమిరి, ఏదో గొణిగి కింద వదులుతాడు. కుక్క నాలుగు కాళ్ల మీదా ఉరుకుతుంది. ఇంకా రుజువెందుకు?

ఉరికిన మాట నిజమే. ఎందుకు ఉరికిందన్నదే అడగాలి.

చిన్నజాతి కుక్కల్లో వెనక కాలి మోకాలిచిప్ప లోపలివైపుకు జారడం మామూలు. దెబ్బ తగలనక్కర్లేదు, చాలావాటికి అది పుట్టుకతో వచ్చిన నిర్మాణలోపమే. చిప్ప కదలాల్సిన గాడికి తగినంత లోతు ఉండదు. టైల్స్ మీద ఆడుతున్న పొమేరియన్‌ను గమనించండి. ఉన్నట్టుండి ఒక వెనక కాలు పైకి ముడుచుకుని, మూడు కాళ్ల మీద రెండు గెంతులు గెంతుతుంది. కాలును ఒకసారి వెనక్కి విదిలిస్తుంది. చిప్ప మళ్లీ గాడిలో పడుతుంది, అది మళ్లీ బంతి వెంట పడుతుంది. ఆ కాసేపట్లో ఉప్పు తిప్పినవాళ్లుంటే ఉప్పుకు పేరు, నిమిరినవాళ్లుంటే చేతికి పేరు. ఏమీ చేయకుండా ఊరుకుంటే ఏమయ్యేదో చూసే ఓపిక ఎవరికుంది?

1948లో అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ ఆకలిగొన్న పావురాలకు, అవి ఏం చేస్తున్నాయన్నదానితో పనిలేకుండా, నిర్ణీత వ్యవధిలో మేత అందించాడు. ఒక పావురం గుండ్రంగా తిరగడం పట్టుకుంది, మరొకటి తల ఊపడం. తమ చేష్టల వల్లే మేత వస్తోందన్నట్టు ప్రవర్తించాయని ఆయన రాశాడు. ఆ వ్యాఖ్యానాన్ని తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు. పావురాల సంగతెలా ఉన్నా, మన ఇళ్లకు మాత్రం అది అతికినట్టు సరిపోతుంది.

మంత్రంతో పోయేది సమయమే అయితే ఇంత రాయనక్కర్లేదు. సోఫా మీంచి దూకిన బుజ్జికుక్కకు ముందరి కాలు మణికట్టుకు కాస్త పైన విరుగుతుంది. ఆ ఎముక అగ్గిపుల్లంత సన్నం, పైగా చిన్నజాతుల్లో అక్కడ రక్తసరఫరా తక్కువ. అందుకే ఉత్త కట్టుతో అతకక, చాలాసార్లు ప్లేటు వేయాల్సి వస్తుంది. నాటుకట్టు బిగించి నెల్లాళ్లు ఎదురుచూస్తే ఎముక వంకరగా అతుక్కోవచ్చు, అసలు అతకకపోనూవచ్చు. వాచిన కాలికి నల్లదారం ఉంటే అది మాంసంలోకి కోసుకుపోతుంది. దిష్టి సంగతి తర్వాత, ముందు దాన్ని కత్తిరించాలి.

“అరవడం లేదుగా, నొప్పేం లేదులే” అనేది ఇంకో నమ్మకం. కుక్కలు నొప్పిని చాలావరకు దాచుకుంటాయి. కాలు అసలు నేల మీద మోపకపోయినా, వేలాడుతున్నా, వాచినా, తిండి మానేసి మూల చేరినా ఆలస్యం చేయొద్దు. లాగి సరిచేయాలని చూడొద్దు. తువ్వాలు పరిచిన అట్టపెట్టెలో పడుకోబెట్టి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. వరంగల్‌కు మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది. ఇంట్లో ఉన్న నొప్పిమాత్ర వేయడం మంత్రం కన్నా ప్రమాదం. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కుక్కకు కడుపులో పుండ్లు తెస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. నొప్పితో ఉన్న కుక్క పెంచినవాళ్లనైనా కరుస్తుంది. కరిస్తే పసరు కాదు, పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి టీకాకు వెళ్లాలి.

జారే చిప్పకు నాలుగు దశలుంటాయి. మొదటి దశకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. బరువు తగ్గించి, సోఫా ముందు టైల్స్ మీద చాప పరిస్తే చాలావరకు నెట్టుకొస్తుంది. ఏ దశో చెప్పాలంటే మాత్రం డాక్టరు ఆ మోకాలిని చేత్తో పట్టి చూడాలి.