ప్రాణం దక్కాక పని మొదలవుతుంది

మా ముండ్లమూరు వైపు సేద్యమున్న ఇంట్లో పురుగుమందు డబ్బా ఉండడం మామూలే. మనసు విరిగి ఎవరైనా తాగితే వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆ డబ్బా కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కేసవుతుందని భయపడి "పొరపాటున తాగింది" అని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందనే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం, సంరక్షణ ప్రభుత్వ బాధ్యత.

డాక్టరుగారు ప్రాణం నిలబెడతారు. మరి తిరిగి వచ్చేది అదే ఇంటికే కదా! ఇక్కడే సోషల్ వర్కర్ అవసరం. ఆమెతో విడిగా మాట్లాడతారు, ఇంట్లోవాళ్లనూ అడుగుతారు. అప్పా, తాగుడా, దెబ్బలా అన్నది తెలుసుకుని, ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. పెద్దాసుపత్రిలో సోషల్ వర్కర్ ఉన్నారేమో మొహమాటపడకుండా అడగండి. లేకుంటే 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉంది. 14416కి రాత్రయినా, పగలైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

"నాకు బతకాలని లేదు" అని ఎవరన్నా అంటే ఊరికే అంటోందని తీసిపారేయకండి. ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చోండి. పురుగుమందు ఉన్న గదికి తాళం వేయండి.