ఆది జాకెట్టు చెప్పిన మాట

తెనాలిలో 27 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కొత్త జాకెట్టు కుట్టమని వచ్చేవాళ్లు కొలతకి పాతదొకటి తెస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. బల్ల మీద పరిచి, తిరగేసి, చంక కింద కుట్టు దగ్గర్నుంచి టేపు పెడతాం. ఒళ్లు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తీసింది, ఏ భుజం దిగింది, అన్నీ ఆ గుడ్డలో తెలిసిపోతాయి. డాక్టరు ముందు పమిట తియ్యడానికి బిడియపడే ఆడవాళ్లు నా దగ్గర మొహమాటం లేకుండా కొలతలిస్తారు. అందుకే ఈ సంగతి నేను రాయొచ్చనిపించింది.

2019 శ్రావణమాసంలో మా పెద్ద తోడికోడలు నాలుగు జాకెట్లు పట్టుకొచ్చింది. "ఎడమ పక్క పట్టేస్తోంది, కాస్త వదులు చెయ్యవే" అంది. చంక కింద కుట్లు విప్పి, లోపల ఉంచిన మడతలోంచి అరంగుళం వదిలి మళ్లీ కుట్టిచ్చాను. ఒళ్లు చేస్తే రెండు పక్కలా బిగుతవ్వాలి కదా, ఒక్క పక్కే ఎందుకైందన్న ఆలోచన ఆ పూట నాకు రాలేదు. వరలక్ష్మీ వ్రతం ముందు రోజులు, బల్ల నిండా జాకెట్లు. సంక్రాంతికి అవే జాకెట్లు మళ్లీ తెచ్చింది. ఈసారి తలుపేసి చూశాను.

ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపు, నిమ్మకాయంత గట్టి గడ్డ. వేలితో నెడితే కదల్లేదు. పరుపు కుట్టేటప్పుడు మధ్యలో దారం బిగించి లాగితే గుంట పడుతుందే, గడ్డ మీది చర్మం అలా సొట్టపడి ఉంది. చనుమొన లోపలికి పోయింది. "ఎన్నాళ్లయింది అక్కా?" అన్నాను. "వేసవిలోనే తెలిసింది. నొప్పేం లేదుగా" అంది.

ఆ "నొప్పేం లేదుగా" అన్న మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. మన ఇళ్లలో నొప్పి పెడితేనే రోగం. పన్ను సలిపితేనో, నడుం పట్టేస్తేనో తప్ప ఆడవాళ్లు ఆస్పత్రి మెట్లెక్కరు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. నెలసరి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలుపుతాయి, అది చాలాసార్లు హార్మోన్ల వల్ల. అలాగని నొప్పి ఉంటే క్యాన్సర్ కాదనీ అనుకోకూడదు. అసలు నొప్పిని కొలతగా పెట్టుకోవడమే తప్పు. గడ్డ కొత్తగా వచ్చిందా, మార్పు కొత్తదా, అంతవరకే చూడాలి.

గుంటూరు తీసుకెళ్లాం. డాక్టరమ్మ చేత్తో పరీక్ష చేసింది, మామోగ్రాము, స్కానింగు తీయించింది, ఆ తర్వాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఇవన్నీ కలిపి చూస్తేనే సంగతి తేలుతుందట. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని మా అత్తయ్య ఆస్పత్రి వరండాలోనే ఏడుస్తూ అడ్డంపడింది. ఆ మాట నేను ఇప్పటికీ వింటూనే ఉన్నాను. అది నిజం కాదు. సూది పరీక్ష లేకపోతే అది క్యాన్సరో కాదో, ఏ రకమో తెలీదు. రకం తెలీకుండా మందు పెట్టలేరు.

అక్కది క్యాన్సరేనని తేలింది. ముందు కీమో, తర్వాత ఆపరేషను, ఆపైన రేడియేషను. కీమో మధ్యలో లాక్‌డౌన్ వచ్చి పడింది. ఆస్పత్రి కాగితాలు చూపించుకుంటూ ఖాళీ రోడ్ల మీద గుంటూరు వెళ్లొచ్చేవాళ్లం. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం జరిగింది. ఇప్పుడు మన దగ్గర ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. డబ్బుకు భయపడి ఇంట్లో కూర్చోవద్దని చెప్పడానికే ఈ మాట రాశాను. అక్క ప్రాణం దక్కింది. రొమ్ము మొత్తం తీసేశారు, చంకలో గ్రంథులూ తీశారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వస్తే చాలామందికి గడ్డవరకే తీసి రొమ్ము ఉంచొచ్చని డాక్టరమ్మ చెప్పినప్పుడు, శ్రావణమాసంలో నేను విప్పిన ఆ అరంగుళం గుర్తొచ్చి అక్క మొహం చూడలేకపోయాను.

2022లో ఒక టీచరమ్మ ఆది జాకెట్టు తిరగేస్తే కుడి పక్క లైనింగు మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక కనబడింది. హుక్కు తుప్పు అనుకుని ఉతికేస్తోందట. హుక్కులు మధ్యలో ఉంటాయి, మరక చనుమొన దగ్గరుంది. అడిగితే, పిండకుండానే కుడి పక్క నుంచి మాత్రమే నెత్తురు చారలాగా వస్తోందని చెప్పింది. ఆ వారమే చూపించుకుంది. పాలనాళంలో పులిపిరి లాంటిది పుట్టిందట, క్యాన్సర్ కాదు, తీసేశారు. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఏది అవునో ఏది కాదో మాత్రం మన వేళ్లు చెప్పలేవు. వెళ్లి చూపించుకుని "ఏం లేదమ్మా" అనిపించుకుని రావడం వృథా ఖర్చని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకా కొన్ని గుర్తులున్నాయి. చర్మం బత్తాయి తొక్కలా గుంటలుగుంటలుగా మందమెక్కడం. చనుమొన మీద పొలుసులు లేచి గజ్జిలా పుండై ఎంతకీ మానకపోవడం. చంకలో గడ్డ తగలడం. ఉన్నట్టుండి ఒక రొమ్ము ఆకారం మారడం. పాలిచ్చే తల్లికి రొమ్ము ఎర్రబడి వాస్తే పాలగడ్డే అనుకుంటారు, చాలాసార్లు అదే అయి ఉంటుంది కూడా. మందులు వాడాక వారం పది రోజుల్లో తగ్గకపోతే మాత్రం మళ్లీ వెళ్లి స్కానింగు అడగాలి. మగవాళ్లకీ ఈ క్యాన్సర్ వస్తుంది, చాలా అరుదుగా. ఎప్పుడు వెళ్లాలంటారా? 30 దాటినవాళ్లు కొత్త గడ్డ తగిలిన వారంలోనే వెళ్లాలి. అంతకన్నా చిన్నవాళ్లైతే ఒక నెలసరి అయ్యేదాకా చూడొచ్చు, అప్పటికీ ఉంటే వెళ్లాలి. నెత్తురు, సొట్ట, కొత్తగా లోపలికి పోయిన చనుమొన కనిపిస్తే ఏ వయసువాళ్లూ ఆగకూడదు. మా వంశంలో ఎవరికీ లేదన్న ధీమా వద్దు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి ఇంట్లో అంతకుముందు ఎవరికీ లేదు. తల్లికో అక్కచెల్లెళ్లకో ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

నెలనెలా ఫలానా తేదీన మీకు మీరే పరీక్ష చేసుకోండని ఏటా అక్టోబరులో చెబుతుంటారు. ఆ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందా అని షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మందికి పైగా ఆడవాళ్లతో ఒక పెద్ద పరిశోధన చేశారు, ఫలితాలు 2002లో వచ్చాయి. సగంమందికి ఆ పరీక్ష శ్రద్ధగా నేర్పారు. నేర్చుకున్నవాళ్లలో మరణాలు తగ్గలేదు. మన ఒళ్లు మనకి తెలిసుండాలి, స్నానం చేసేటప్పుడు తేడా కనిపెట్టాలి. కనిపెట్టాక మరొకరి శిక్షణ పొందిన చెయ్యి దాన్ని చూడాలి. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్లని 20 ఏళ్లు గమనించారు. సగంమందికి ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. వాళ్లు డాక్టర్లు కారు, మామోగ్రాము యంత్రమూ లేదు. అయినా రోగం ముందు దశలోనే పట్టుబడింది. 50 దాటినవాళ్లలో మరణాలు 30 శాతం దాకా తగ్గాయి.

మరి మన వీధిలో ఏం జరుగుతోంది? 30 నుంచి 65 ఏళ్లవాళ్లకి అయిదేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చెయ్యాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మా ఇంటికొచ్చిన ఆరోగ్య కార్యకర్త అమ్మాయి గేటు దగ్గర నిలబడి, మా ఆయన పేపరు చదువుతుండగా, "రొమ్ములో గడ్డలేమైనా ఉన్నాయా అండీ?" అని అడిగి, లేవంటే ఫోనులో నొక్కుకుని వెళ్లిపోయింది. ఆ అమ్మాయినేమీ అనను, రోజుకి ఎన్నిళ్లు తిరగాలో నాకు తెలుసు. కానీ మొగుడి ముందు ఆ ప్రశ్నకి ఏ ఆడది ఉందని చెబుతుంది? మా అక్క అయినా లేవనే చెప్పేది. 2022లో మన దేశంలో 1,92,000 మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది, 98,000 మంది దీనితో పోయారు. ఇంత జబ్బుని గేటు దగ్గర ప్రశ్నతో పట్టుకోలేం. నా షాపులో కొలతలు తియ్యడానికి మూలన ఒక గుడ్డ తెర కట్టుకున్నాను. అలాంటి తెర ప్రతి సచివాలయంలోనూ కట్టొచ్చు. దాని వెనక చెయ్యి పెట్టి చూడటం వచ్చిన నర్సమ్మ వారానికో పూట కూర్చోవాలి. అనుమానం ఉన్నవాళ్లని ఏ ఆస్పత్రికి, ఏ రోజు పంపాలో ఆమె దగ్గర రాసి ఉండాలి. గడ్డతో వచ్చిన మనిషికి 60 రోజుల్లో అదేంటో తేల్చి చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అక్క డాక్టరు దగ్గరికి చేరడానికే ఎనిమిది నెలలు పట్టింది.

గ్రంథులు తీసేశారు కాబట్టి అక్క ఎడమ చెయ్యి సాయంత్రానికి వాస్తుంది. ఆమె జాకెట్లకి ఎడమ చెయ్యి ముప్పావంగుళం వదులు పెడతాను. లోపల మల్లు గుడ్డతో జేబు కుట్టి, దూది నింపిన మెత్త అందులో అమర్చుతాను. పాత ఆది జాకెట్లేవీ ఇప్పుడు పనికిరావు.

మొన్న దసరా ముందు ఒకావిడ వచ్చి, కుడి పక్క వదులు చెయ్యమంది. మిషను ఆపి, తెర లాగి, అడగాల్సినవి అడిగాను. స్కానింగు కాగితం చూపిస్తేనే కుట్టు విప్పుతానన్నాను. కోపంగా వెళ్లిపోయింది. నాలుగో రోజున కాగితం పట్టుకుని వచ్చింది. నీటి బుడగట. అప్పుడు అరంగుళం వదిలి కుట్టిచ్చాను.