వారిది గోడు, మనది చరిత్రా?



గత నెల ఎల్.బి.నగర్‌లో ఒక చిన్న సాహిత్యగోష్ఠికి వెళ్లాను. నాకంటె ఎక్కువ చదువుకొన్న పెద్దలొకరు లేచి, "ఈ మధ్య ప్రతివాడూ తన బ్రతుకు తాను చెప్పుకొని అదే సాహిత్యమంటున్నాడు; గోడు వేరు, కావ్యం వేరు" అని సెలవిచ్చారు. సభ చప్పట్లు కొట్టింది. అలవాటుకొద్దీ నేనూ కొట్టాను. మెట్రోలో తిరిగి వస్తుంటే, విక్టోరియా మెమోరియల్ దాటకముందే ఆ చప్పట్లకు సిగ్గు వేసింది.

వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రమును గోడు అని ఎవరైనా అన్నారా? చెళ్లపిళ్లవారి 'కథలు గాథలు' నిండా వివాదాలే. శ్రీపాదవారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' నిండా సొంత సంగతులే. భాషాప్రవీణ చదివే రోజుల్లో వాటిని వచనరచనకు ఒరవడిగా నెత్తిన పెట్టుకొన్నాము. పెట్టుకోదగినవే; శ్రీపాదవారి పుస్తకం నేటికీ నా తలగడ పక్కన ఉంటుంది. కాని అగ్రహారం తన సంగతి చెప్పుకొంటే చరిత్ర, వాడ తన సంగతి చెప్పుకొంటే గోడు అనే లక్షణం ఏ అలంకారశాస్త్రంలో ఉన్నదో ఆ పెద్దలు చూపాలి.

జాషువా తన జీవితాన్ని 'నా కథ' అని పద్యాలలోనే చెప్పుకొన్నాడు. ఛందస్సు ఉన్నది, ధార ఉన్నది. అయినా మేము ఆయనను "కరుణరసపోషణ" అనే ఒక్క మాటతో సరిపెట్టాము. నా నేరం ఇంకా పెద్దది. 1941 నాటి 'గబ్బిలం' ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. మేఘసందేశంతో పోలిక చెప్పాను, సందేశకావ్య లక్షణాలు వల్లె వేయించాను, సమాసాలకు విగ్రహవాక్యాలు అడిగాను. గుడిలో గబ్బిలానికి చోటున్నది, దానిచేత కబురంపే మనిషికి లేదు. కావ్యమంతా నిలబడినది ఆ ఒక్క విషయం మీద. దానిని మాత్రం "నాటి సాంఘిక దురాచారము" అని గడిచిన కాలానికి నెట్టి గంట కొట్టగానే బయటికి వచ్చేవాడిని. వెనుక బెంచీలో కూర్చున్నవాడికి అది నాటిదో నేటిదో నేనెన్నడూ అడగలేదు.

నేటిదని నాకు తెలుసు. ఎట్లా తెలుసో చెప్పాలి.

2011లో చైతన్యపురిలో మా మేడ మీది గదికి టు-లెట్ బోర్డు పెట్టాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుకు వచ్చిన కుర్రవాడొకడు వచ్చాడు, మహబూబ్‌నగర్ వైపువాడు. అడ్వాన్సు చేతిలో పట్టుకొనే వచ్చాడు. నీళ్లిచ్చాము. ఇంటిపేరడిగాను. చెప్పాడు. అంతటితో నాకు అంతు చిక్కక "మీరేమిటివారు నాయనా" అన్నాను. "మాదిగోళ్లం సార్" అన్నాడు, తడుముకోకుండా. మా చుట్టాలు దిగుతున్నారు, గది ఖాళీ లేదన్నాను. బోర్డు ఇంకో పదిరోజులు అట్లాగే వేలాడింది. ఆ సందులో అతడు మరి రెండుసార్లు నడిచి వెళ్లడం చూశాను. తల ఎత్తి బోర్డు చూశాడు, నన్ను చూడలేదు.

ఆ ఏడే వై.బి.సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' ఇంగ్లీషులో వచ్చింది. తెలుగులో వచ్చాక చదివాను. నిజాం ఇచ్చిన 50 ఎకరాలలో ఆ కుటుంబానికి 2 ఎకరాలు మిగిల్చి మిగతాది దొర లాక్కోవడం, రైల్వేలో పని పట్టుకొని బాలయ్య పిల్లలను చదివించుకోవడం అందులో ఉన్నాయి. ఎక్కడా ఏడుపు లేదు. లెక్క ఉన్నది. గోడు అంటున్నవారు ఆ పుస్తకం తెరిచి చూశారా అని నా అనుమానం.

ఇక భాష సంగతి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీలు, చాకలి ఐలమ్మతో సహా, తమ మాటల్లో చెప్పినది. శాసనసభ ఉపసభాపతిగా పనిచేసిన సదాలక్ష్మి గారి జీవితాన్ని గోగు శ్యామల 'నేనే బలాన్ని' అని పుస్తకం చేశారు. మొదటిది చదివేటప్పుడు ఎర్రసిరా కలం పట్టుకొని కూర్చున్నవాడిని నేను. నాలుగు పుటలకు కలం పక్కన పెట్టాను. దోషం దిద్దితే మనిషి మాయమవుతున్నది.

ఒక మాట ఒప్పుకొంటాను. కథ చెప్పినంత మాత్రాన 48 ఎకరాలు తిరిగిరావు. నాకు గది ఇప్పించే చట్టం కథలో ఉండదు. పైగా మనబోటివాళ్లం ఇంకొకరి గాయం చదివి కళ్లు తుడుచుకొని, మంచివాళ్లమైపోయామనుకొనే ప్రమాదమూ ఉన్నది. అయితే అది చదివేవాడి జబ్బు. దానికి రాసేవాడి నోరు మూయించడం ఏ వైద్యం?

ఆ కుర్రవాడు ఎప్పుడైనా తన కథ రాస్తే అందులో చైతన్యపురి తెలుగు పంతులొకడు తప్పక ఉంటాడు. నేను రాసుకొని ఉంటే నా స్వీయచరిత్రలో ఆ గదీ ఉండేది కాదు, ఆ బోర్డూ ఉండేది కాదు. గబ్బిలం పాఠం బాగా చెప్పేవాడినని మాత్రం ఉండేది.

గోష్ఠిలో మాట్లాడిన పెద్దలకు ఈ టపా పంపుతున్నాను. వారు జవాబు రాస్తే అక్షరం మార్చకుండా ఇక్కడే పెడతాను.