ఇల్లూ వాకిలీ : స్నానాలగది పద్దు

ఉగాది నాడు తెల్లవారుజామున మన ఇళ్ళల్లో జరిగే అసలు తగవు పచ్చడిలో వేపపువ్వు ఎంత వెయ్యాలన్నది కాదు, బాత్‌రూమ్‌లోకి ఎవరు ముందు వెళ్ళాలన్నది. ఇంట్లో అయిదుగురు, స్నానాలగది ఒక్కటి, అందరికీ తలంట్లు. పదింటికల్లా హాలు దగ్గరుండాలి. "ఇంకా ఎంతసేపు?" అని తలుపు తట్టని ఇల్లు మన సంఘంలో ఒక్కటి ఉందన్నా నేను నమ్మను.

పోయిన దీపావళి సంచికలో ఇదే శీర్షికలో ఇంటి కప్పు మీద సోలార్ పలకల గురించి రాశాను. అది చదివిన ఇద్దరు ముగ్గురు మిత్రులు "అది సరే, మీ బాత్‌రూమ్ సంగతి ఎప్పుడు రాస్తారు?" అని అడిగారు. సంగతి తెలిసినవాళ్ళే లెండి! ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళు సిడ్నీలో బాత్‌రూమ్ బాగుచేయించి ఉంటే మూడోది కూడా చేర్చేవారు.

మా ఇల్లు వెంట్‌వర్త్‌విల్‌లో ఉంది. 1974లో కట్టినది. 2013లో కొన్నప్పుడు చేతిలో మిగిలిన డబ్బు తక్కువ. స్నానాలగదిలో గులాబీరంగు టైల్స్ చూసి మా ఆవిడ ముక్కు విరిచింది. తెలిసినవాళ్ళకి తెలిసిన ఒకాయన వచ్చి గది చూసి, "పాత టైల్స్ పీకక్కర్లేదండీ, వాటి మీదే కొత్తవి అంటించేస్తాను. తొమ్మిది వేలు, క్యాష్" అన్నాడు. కాగితం లేదు, రసీదు లేదు. వారంలో పని పూర్తయింది. తెల్లగా మెరిసిపోయింది. చవగ్గా కొట్టేశామని నేను నలుగురికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

న్యూ సౌత్ వేల్స్‌లో కూలీ, సామాను కలిపి 5,000 డాలర్లు దాటిన ఇంటి పనికి లైసెన్సూ, రాతపూర్వక ఒప్పందమూ ఉండి తీరాలని అప్పటికి నాకు తెలియదు. ప్లంబింగుకీ, కరెంటు పనికీ అయితే ఎంత చిన్నదైనా లైసెన్సు కావలసిందే. తెలియదనటం కూడా పూర్తి నిజం కాదు. అడగలేదు, అంతే.

నీళ్ళకి తొందర ఉండదు. ఆరేడేళ్ళు నిదానంగా పనిచేశాయి. మొదట పక్క పడకగదిలో అమ్మాయి బట్టల అలమార దగ్గర ముక్కవాసన. తరవాత గోడ అంచున చెక్కపట్టీ ఉబ్బింది. బీరువా జరిపి చూస్తే గోడంతా నల్లగా బూజు! ఇన్సూరెన్సుకి ఫోన్ చేస్తే, ఏళ్ళ తరబడి మెల్లగా కారిన నీటికీ, పనిలో లోపానికీ మా పాలసీ వర్తించదన్నారు. పని చేసినాయన నంబరు పనిచెయ్యటం లేదు. మనిషి మాత్రం ఊళ్ళోనే ఉన్నాడు. ఏడాదికోసారి మన పండగలో పులిహోర వరసలో కనిపిస్తాడు, నమస్కారం పెడతాడు, నేనూ పెడతాను. అంతకు మించి ఏమనాలో ఇప్పటికీ నాకు తెలియదు.

అయినా మమ్మల్ని కదిలించింది ఆ గోడ కాదు. 2023 జూన్‌లో కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ, బాత్ టబ్ గట్టు దాటబోయి జారి పడింది. మణికట్టు విరిగింది. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. పడినందుకు కాదు గానీ, ఆ తరవాత ఉన్న రెండు నెలలూ మాకు చెప్పకుండా స్నానం మానేసి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుందని మా ఆవిడ ద్వారా తెలిసినప్పుడు సిగ్గేసింది. "ఈసారి అత్తయ్యగారు వచ్చేలోగా ఆ టబ్ అక్కడ ఉండకూడదండీ" అంది మా ఆవిడ. అక్కడితో చర్చ ముగిసింది. ఇక మిగిలింది లెక్కలు.

గది చిన్నదే. పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 2.2. ముగ్గుర్ని పిలిచి కొటేషన్లు తీసుకున్నాం. మొదటాయన 23,900 అన్నాడు. రెండో ఆవిడ 29,700. మూడో సంస్థ 36,500. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? నా వేలు మొదటి కాగితం మీదకే పోయింది. మా ఆవిడ బ్యాంకులో లెక్కలు చూసే మనిషి. "ఆగండి, మూడూ ఒకే పని గురించి చెబుతున్నాయో లేదో చూద్దాం" అని ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు కాగితాలూ భోజనాల బల్ల మీద పరిచింది.

మొదటి కాగితంలో జీఎస్‌టీ కలపలేదు: 2,390. పాత సామాను పారేసే పెద్ద చెత్త డబ్బా అద్దె లేదు: 900. టైల్స్‌కి చదరపు మీటరుకి 30 డాలర్లు వేశాడు, మేం చూసి నచ్చినవి 65. గోడలూ నేలా తరుగూ కలిపి 27 చదరపు మీటర్లు కాబట్టి తేడా 945. కుళాయిలకి 600 కేటాయించాడు, మాకు కావలసినవి 1,400. అంటే ఇంకో 800. ఫ్యానూ లైట్లూ 'ఎలక్ట్రీషియన్ వేరే' అని చిన్న అక్షరాల్లో ఉంది, దానికి 900. అన్నీ కూడితే 29,835! రెండో ఆవిడ చెప్పినదాని కంటే 135 ఎక్కువ. చవక కొటేషన్ అంటే చవక పని కాదు, సగం రాసిన కాగితం.

ఇక్కడ రెండు మాటలు తెలుసుకోవాలి. ప్రైమ్ కాస్ట్ అంటే టైల్స్, కుళాయిలు, బేసిన్ లాంటి, మనం ఇంకా ఎంచుకోని వస్తువులకి కాంట్రాక్టరు అంచనాగా వేసిన ధర. ప్రొవిజనల్ సమ్ అంటే ఎంత పని పడుతుందో ముందు తెలియని దానికి వేసిన అంచనా. రెండూ తక్కువ వేస్తే కొటేషన్ ముద్దుగా కనిపిస్తుంది. పైగా అసలు ఖర్చు ఆ అంచనా దాటితే, దాటినదాని మీద కాంట్రాక్టరు తన శాతం కూడా వేసుకోవచ్చు. అది ఒప్పందంలో రాసి ఉంటుంది. అందుకే సంతకానికి ముందే షాపుకి వెళ్ళి వస్తువులు ఎంచుకుని, మోడల్ పేర్లతో సహా కాగితం మీద పెట్టించటం మేలు. మేం మూడు శనివారాలు షాపుల్లో తిరిగాం. మూడో శనివారానికి తెలుపులో పదకొండు రకాలుంటాయని తెలిసింది.

రెండో ఆవిడకే పని ఇచ్చాం. లైసెన్సు నంబరు ప్రభుత్వ రిజిస్టర్‌లో చూసుకున్నాం. మన రాష్ట్రంలో డిపాజిట్ పది శాతం దాటకూడదు, అంటే 2,970. పని 20,000 దాటితే డబ్బు పుచ్చుకోకముందే కాంట్రాక్టరు మన పేరున బిల్డింగ్ ఇన్సూరెన్సు తీసి ఆ పత్రం చేతికివ్వాలి. సంతకం పెట్టాక మనసు మారితే అయిదు పనిదినాల గడువుంది. పెద్ద లోపాలకి ఆరేళ్ళు, మిగతావాటికి రెండేళ్ళు చట్టం పూచీ ఇస్తుంది. మెల్‌బోర్న్, బ్రిస్బేన్ బంధువులు ఇది చదివితే మాత్రం అంకెలు నమ్మి కూర్చోకండి, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. ఫ్లాట్లలో ఉన్నవాళ్ళకి ఇంకో మెట్టు ఉంది: నీళ్ళు దిగకుండా వేసే పొరని ముట్టుకునే పనైతే ముందు స్ట్రాటా సమావేశంలో అనుమతి పొందాలి. దానికే నెలలు పట్టొచ్చు.

అనుకోని ఖర్చులకని పదిహేను శాతం, 4,455 డాలర్లు, విడిగా పెట్టాం. ఎక్కువేమో అనిపించింది నాకు. అది రెండో రోజుకే కరగటం మొదలుపెట్టింది.

టైల్స్ వెనక ఆస్‌బెస్టాస్ రేకులు! 1990కి ముందు కట్టిన ఇల్లయితే ఉంటుందనే అనుకోవాలి. ఈ దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబరు 31 నుంచి. పది చదరపు మీటర్లు దాటితే లైసెన్సున్న వాళ్ళే తియ్యాలి. మా గోడలు పంతొమ్మిది. తెల్ల దుస్తులు, మాస్కులు వేసుకుని వచ్చి, తడిపి, ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోయారు. 2,800 డాలర్లు. "కూల్చటం మనమే చేసుకుంటే డబ్బు మిగులుతుంది" అని అంతకు ముందు వారమే నేనూ మావాడూ సుత్తి కొనుక్కుని సిద్ధంగా ఉన్నాం. ఆ సుత్తి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మీలో ఎవరైనా వారాంతంలో పాత గోడ పగలగొడదామనుకుంటే, ముందు చిన్న ముక్క పరీక్షకి పంపించండి.

టబ్ ఎత్తితే కింద నేల దూలాలు రెండు కుళ్ళి, వేలు పెడితే మెత్తగా దిగింది. 1,650. ఇది మాత్రం 2013 నాటి నా తెలివికి పడిన బిల్లు.

తరవాత మేం చేర్చినవి. టబ్ తీసేసి గట్టు లేని షవర్ పెట్టించాం. గట్టు లేకపోతే నీళ్ళన్నీ తూము వైపు పోయేలా నేల వాటంగా ఉండాలి; తూము పెట్టిన నేలకి 80 మిల్లీమీటర్లకి ఒక మిల్లీమీటరు కంటే తక్కువ వాలు ఉండకూడదని ఇక్కడి కోడ్. మా అమ్మ షవర్ కింద నిలబడదు, పీట మీద కూర్చుని చెంబుతో పోసుకుంటుంది. అందుకని బకెట్ ఎత్తులో ఇంకో కుళాయి పెట్టమన్నాం. అది విని ప్లంబర్ "కుక్కకా?" అని అడిగాడు. కాదు, మా అమ్మకి అన్నాను. పాపం, రెండు సార్లు సారీ చెప్పాడు. నిజానికి మూడు నక్షత్రాల షవర్ నిమిషానికి సుమారు తొమ్మిది లీటర్లు పోస్తుంది. మా అమ్మ రెండు బకెట్లతో తలంటుకునే నీళ్ళు మా అబ్బాయికి నాలుగున్నర నిమిషాలకి కూడా చాలవు. వాడేమో పావుగంటకి తక్కువ బయటికి రాడు.

గోడ తెరిచి ఉండగానే పట్టుకునే కమ్మీల కోసం లోపల చెక్కలు బిగింపించాం. అప్పుడైతే అది అరపూట పని. టైల్స్ వేశాక అయితే గోడ మళ్ళీ పగలాలి. కుళాయీ, చెక్కలూ, సబ్బు గూడూ కలిపి 900.

హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన ఇత్తడి హెల్త్ ఫాసెట్ మాత్రం అలాగే ఉండిపోయింది. వాటర్‌మార్క్ ముద్ర లేని వస్తువు బిగించనని ప్లంబర్ చెప్పేశాడు. టాయిలెట్ పక్కన వాడే స్ప్రే నుంచి నీళ్ళు వెనక్కి మంచినీళ్ళ గొట్టంలోకి పోకుండా రక్షణ ఉండాలట. ఆలోచిస్తే న్యాయమే. ఇక్కడే ముద్ర ఉన్నది కొన్నాం. ఊరి నుంచి కుళాయిలు తెప్పించుకుందామనుకునేవాళ్ళు విమానం బరువు అటు పచ్చళ్ళకి వాడుకోండి.

మొత్తం మీద నేను అన్నిటికంటే జాగ్రత్తగా చూసింది ఒక్క రోజు పని: నీళ్ళు దిగకుండా పూసే మెంబ్రేన్. అది టైల్స్ కిందకి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎవరికీ కనబడదు. మూలమూలా ఫోటోలు తీశాను. ఆరిన తరవాత తూము మూసి, గది నేలంతా నీళ్ళు నింపి ఒక రోజు ఉంచమన్నాను. ఇంటికి అది తప్పనిసరి కాదు, కానీ అడిగితే ఆవిడ కాదనలేదు. మర్నాడు పొద్దున్నే టార్చి పట్టుకుని నేల కిందకి పాకి దూలాలు తడిమి చూశాను. పొడిగా ఉన్నాయి. ఆ బురదలో బోర్లా పడుకుని ఎందుకో కాసేపు అలాగే ఉండిపోయాను.

నాలుగు వారాలు పట్టింది. టాయిలెట్ వెనక లాండ్రీలో వేరే ఉంది కాబట్టి బతికాం. స్నానాలు పక్కింటివాళ్ళ దగ్గర, జిమ్‌లో. పక్కింటి గ్రీకు దంపతులకి రోజూ ఇడ్లీలో పెసరట్లో పంపించటం మా పద్దులో రాయలేదు.

పద్దు ఇదిగో. ఒప్పందం 29,700. ఆస్‌బెస్టాస్, దూలాలు, మేం చేర్చినవి కలిపి 5,350. మొత్తం 35,050. విడిగా పెట్టిన సొమ్ముకి 895 చాలలేదు. పడకగది గోడకీ కార్పెట్‌కీ 1,900 వేరే. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, మెంబ్రేన్ వేసినాయన, ముగ్గురి సర్టిఫికెట్లూ చేతికొచ్చాకే ఆఖరి వాయిదా కట్టాం. ఆ ఏడాది ఊరు వెళ్ళటం మానుకున్నాం. ఊరే మా దగ్గరికి వస్తోంది కదా అని మా ఆవిడ సర్దిచెప్పింది.

అమ్మ వచ్చింది. గదంతా కలయచూసి, కమ్మీ పట్టుకుని, పీట మీద కూర్చుని లేచి చూసింది. "ఎంతయిందిరా?" అంది. చెప్పలేదు. వేడినీళ్ళు పొగలు రావటం లేదని మాత్రం ఫిర్యాదు, స్నానాలగది కుళాయిలో 50 డిగ్రీలు దాటనివ్వరమ్మా అంటే, "కాగు పెట్టుకోవటానికి చోటు ఉంచలేదేం మరి?" అంది. మర్నాడు తలుపేసుకుని ముప్పావుగంట స్నానం చేసింది. బయట వరస కట్టిన వాళ్ళం ఎవరం తలుపు తట్టలేదు.

తరవాత నేను లోపలికి వెళితే, కాకినాడ నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయల రసం తెల్లటి గ్రౌటు పొడుగునా గోధుమరంగు చారలు కట్టింది. గ్రౌటు మరక పోగొట్టే మందు, 18 డాలర్లు. ఎవరికైనా ఇంతకంటే మంచి ఉపాయం తెలిస్తే పండగ రోజు భోజనాల దగ్గర చెప్పండి. మూడు కొటేషన్లు పోల్చిన మా ఆవిడ కాగితం నా జేబులోనే ఉంటుంది, కావలసినవాళ్ళు నకలు తీసుకోండి.