యజమాని లేని మందు

చలిజ్వరపు మందు రాచపుండును మాన్పునా యను ప్రశ్న కొన్నియేండ్లుగా వైద్యలోకమున వినవచ్చుచున్నది. ఆర్టెసునేటు మలేరియాకు ప్రసిద్ధమైన ఔషధము. చీనాదేశమున మాచిపత్రి జాతికి చెందిన యొక మొక్కనుండి 1972లో తు యూయూ పండితురాలి బృందము వేరుచేసిన సత్తే దీనికి మూలము. ఆ కృషికే ఆమెకు 2015లో నోబెలు బహుమానము లభించినది. ఇనుముతో కలిసినప్పుడు ఈ మందు విషమై క్రిమిని చంపును. కాన్సరు కణములును ఇనుమును అమితముగా గ్రహించును గావున వానిమీదను ఇది పనిచేయవచ్చునని శాస్త్రజ్ఞుల తలంపు.

లండనులోని సెంట్ జార్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2015లో ప్రకటించిన పరీక్షలో పెద్దప్రేగు కాన్సరు రోగులు 23 మంది పాల్గొనిరి. శస్త్రచికిత్సకు ముందు 14 దినములు కొందరికి ఈ మందును, కొందరికి మందులేని ఉత్తమాత్రలను ఇచ్చిరి. పిమ్మట మూడేండ్లకు పైగా కనిపెట్టి చూడగా ఉత్తమాత్రలు మ్రింగినవారిలో ఆరుగురికి వ్యాధి తిరుగబెట్టినది. మందు పుచ్చుకొన్నవారిలో ఒక్కరికే. ఆశ గొల్పు ఫలితమే. కాని 23 మంది సాక్ష్యముతో తీర్పు చెప్పుట తగదు. మరియొక మలేరియా మందగు హైడ్రాక్సీక్లోరోక్వీనుపైనను ఇట్టి యాశలే యుండెను. అమెరికాలో 112 మంది క్లోమ కాన్సరు రోగులతో జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో, ఏడాది దాటి బ్రతికినవారి సంఖ్యను అది పెంచజాలదయ్యెను.

కావున పెద్ద పరీక్షలు జరుగవలెను. వాని వ్యయమెవరు భరింతురు? మన పేటెంటు చట్టములోని 3(డి) సెక్షను ప్రకారము, తెలిసిన మందునకు క్రొత్త యుపయోగము కనిపెట్టినంత మాత్రమున పేటెంటు రాదు. న్యాయవాదులమైన మాకు చట్టములలో మనసార నచ్చు వాక్యములు కొద్ది. వానిలో ఇది యొకటి. 2013లో రక్తకాన్సరు మందు విషయమున నోవార్టిస్ కంపెనీ వాదమును సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది ఈ సెక్షను ఆధారముననే. అయినను లాభము లేనిచోట వర్తకుడు సొమ్ము పెట్టడు. గుత్తహక్కును నిరాకరించిన ప్రభుత్వమే ఆ వ్యయమును వహింపవలెను.

అట్టి పని మనదేశమున జరిగియే యున్నది. కేంద్రప్రభుత్వ అణుశక్తిశాఖ క్రింద నడచు బొంబాయి టాటా స్మారక ఆసుపత్రివారు, రొమ్ము కాన్సరు శస్త్రచికిత్సకు ముందు వ్రణము చుట్టును చవుకైన తిమ్మిరిమందు సూదివేసి 1,583 మంది స్త్రీలలో పరీక్షించిరి. అయిదేండ్లు జీవించినవారు నూటికి 86.4 నుండి 90.1కి పెరిగిరని 2023లో ప్రకటించిరి. ఆర్టెసునేటునకును ఇట్టి పరీక్ష జరిపింపుమని భారత వైద్య పరిశోధనామండలిని మేము కోరుచున్నాము.

అంతదనుక ఎవరును తమంతట తాము ఈ మాత్రలు కొని మ్రింగరాదు. విచ్చలవిడి వాడుకచే మలేరియాక్రిమి మందునకు లొంగకుండ పోవును. అప్పుడు మన్యమున జ్వరముతో పడియున్న బిడ్డకు ఈయదగిన మంచి మందు కరవగును.